దురద: ఒక అనుమానపు చరిత్ర

తెల్లబట్ట అనే మాట వినని ఆడవాళ్ళు తెలుగునాట ఉండరు. కాస్త ఆగి ఆలోచిస్తే ఆ మాటలో శరీరం ఎక్కడా కనపడదు. ఉన్నది బట్ట మాత్రమే. జబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పకుండా మరక ఎక్కడ పడిందో చెప్పి ఊరుకునే మాట అది. దానితో పాటు వచ్చే దురద గురించి చెప్పాలంటే ఇంకా కష్టం. ఎందుకంటే మన భాషలో ఆడదాని విషయంలో దురద జబ్బు పేరు కాదు, తిట్టు. దురద, దూల అనే మాటలు కుళాయిల దగ్గర తగాదాల్లో, మొగుళ్ళ నోళ్ళలో, సినిమాల్లో వెకిలి హాస్యగాళ్ళ నోళ్ళలో ఎలా వాడబడతాయో మనకి తెలియనిది కాదు. అందుకే ఆడవాళ్ళు తమకోసం వేరే మాట ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. 'వేడి చేసింది' అంటారు. అమ్మలు మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టిస్తారు. వైద్యపరంగా దానికి ఎంత విలువుందో గానీ ఆ మాటలో ఒక తెలివి ఉంది. వేడి ఎవరికైనా చేస్తుంది. వేడి చేసిన మనిషిని ఎవరూ 'ఎక్కడ తిరిగొచ్చావు?' అని అడగరు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. యోనిలో వచ్చే ఈస్ట్ ఇన్ఫెక్షన్, అందులోనూ తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చేది, లైంగిక సంబంధం వల్ల వస్తుందా? ఇది నిజానికి వైద్యశాస్త్రం జవాబు చెప్పాల్సిన మామూలు ప్రశ్న. కానీ చరిత్రలో ఎక్కడ చూసినా దాన్ని ప్రశ్నగా ఉండనివ్వలేదు. ఆరోపణగానే మార్చారు. ఆ మార్పు ఎలా జరిగిందో, దాన్ని తిరిగి ప్రశ్నగా మార్చడానికి ఎవరెవరు ఏం చేశారో వెతకడం నా ఉద్దేశం.

నేను వైద్యురాలిని కాదు. సాహిత్యంలో పిహెచ్‌.డి. చేశాను. ఈ విషయం దగ్గరికి నన్ను తీసుకొచ్చింది నా ఒళ్ళే. పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒక్క ఏడాదిలో నాలుగుసార్లు ఈ బాధ పడ్డాను. కూర్చోలేక, గ్రంథాలయంలో కుర్చీ మీద ఒక పక్కకి ఒరిగి చదువుకున్న మధ్యాహ్నాలు ఉన్నాయి. చూపించుకున్న మొదటి డాక్టరమ్మ తలెత్తకుండా అడిగిన మొదటి ప్రశ్న "పెళ్ళయిందా అమ్మా?" లేదన్నాను. ఆవిడ ముఖంలో ఏదో మారింది. ఇంకేం అడగలేదు, చూడనూ లేదు. ఒక మందు రాసిచ్చి 'శుభ్రంగా ఉండు' అంది. పెళ్ళయ్యాక మళ్ళీ తిరగబెట్టినప్పుడు మరో చోట అదే ప్రశ్న ఎదురైంది. ఈసారి అయిందన్నాను. "అయితే మామూలేలే" అని నవ్వింది ఆ డాక్టరు. పెళ్ళి కానప్పుడు అడగకూడని ప్రశ్న, పెళ్ళయ్యాక అడగక్కర్లేని ప్రశ్న అయింది. నేను తెలుసుకోవాలనుకున్నది మాత్రం రెండు చోట్లా నా నోట్లోనే ఉండిపోయింది. ఇది ఎక్కడినుంచి వస్తోంది? ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తోంది? ఆయనకి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ముందు ఇవాళ తెలిసిన సంగతి చెప్పుకుందాం. ఈ ఇన్ఫెక్షన్‌కి కారణం కాండిడా అనే ఈస్ట్. కల్లుని పులియబెట్టేదీ, రొట్టెని పొంగించేదీ కూడా ఈస్టే. ఇది దానికి దూరపు చుట్టం. బయటినుంచి వచ్చి మీదపడే శత్రువు కాదు. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఎప్పుడూ ఉంటుంది. ఏ బాధా లేని ఆడవాళ్ళలో కూడా నూటికి 10 నుంచి 20 మంది యోనిలో అది ఉంటుంది. పక్కన ఉండే మేలు చేసే బాక్టీరియా, శరీరపు రక్షణశక్తి దాన్ని అదుపులో పెడతాయి. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, చక్కెర వ్యాధి అదుపు తప్పినప్పుడు, గర్భం దాల్చినప్పుడు, స్టెరాయిడ్లు వాడినప్పుడు ఆ అదుపు సడలి అది పెరిగిపోతుంది. నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్యుల అంచనా. ఏడాదిలో మూడు, అంతకుమించి వస్తే మళ్ళీ మళ్ళీ వచ్చే రకంగా లెక్కిస్తారు. ప్రపంచం మొత్తం మీద ఏటా 13 కోట్ల 80 లక్షలమంది స్త్రీలు ఆ రకంతో బాధపడుతున్నారని 2018లో వచ్చిన ఒక అంచనా. ఇంతమందికి ఉన్న బాధ ఇంత రహస్యంగా ఎలా మిగిలిందన్నదే అసలు ఆశ్చర్యం.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. ఈ ఈస్ట్‌కి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌తో స్నేహం. అందుకే రజస్వల కాని పిల్లల్లో, ముట్లుడిగిన స్త్రీలలో ఈ ఇన్ఫెక్షన్ అరుదు. అంటే అది ఎక్కువగా కనపడే వయసూ, మన సమాజం ఆడపిల్లకి పెళ్ళి చేసే వయసూ, ఆమె మీద కాపలా పెట్టే వయసూ ఒకటే. రెండు సంఘటనలు ఒకే కాలంలో జరిగితే ఒకటి రెండోదానికి కారణమనుకోవడం మనుషుల స్వభావం. శరీరం చేసిన పనిని శీలం ఖాతాలో రాయడం అంత తేలిక అయింది అందుకే.

ఇదే ఫంగస్ పసిపిల్లల నాలుక మీద తెల్లగా పేరుకుంటే దాన్ని మనం నోటిపూత అంటాం. కట్టుడుపళ్ళు పెట్టుకున్న తాతగారికి వస్తే పళ్ళు సరిగ్గా కడుక్కోమంటాం. పసిబిడ్డ శీలాన్ని ఎవరూ శంకించరు. తాతగారిని ఎవరూ నిలదీయరు. జీవి ఒకటే, అది ఉన్న చోటుని బట్టి తీర్పు మారుతుంది.

ఈ తీర్పు చాలా పాతది. చరక సంహిత చికిత్సాస్థానంలో 20 రకాల యోనివ్యాపత్తుల గురించిన అధ్యాయం ఉంది. అందులో చాలా భాగం శ్రద్ధగా చేసిన పరిశీలన. తెల్లని స్రావం, చల్లదనం, దురద కలిసి ఉండే కఫజ రోగాన్ని ప్రత్యేకంగా గుర్తించారు. ఆహారాన్ని, రుతుదోషాన్ని కారణాలుగా చెప్పారు. కానీ ఆ ఇరవైలో 'అచరణ' అని ఒకటుంది. కడుక్కోకపోవడం వల్ల యోనిలో క్రిములు పుట్టి దురద పెడతాయనీ, ఆ దురదవల్ల ఆ స్త్రీ పురుషుణ్ణి మితిమీరి కోరుతుందనీ దాని వర్ణన. ఈ వాక్యాన్ని మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం ముందుకి జరపలేకపోయాను. ఈ దురద అనుభవించిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, ఆ సమయంలో ఆమెకి కావలసింది మగవాడు కాదని. తాకితేనే మంట. కలయిక అనే మాటకే ఒళ్ళు ముడుచుకుంటుంది. ఆ సంగతి తెలియాలంటే ఆమెని అడగాలి. అడగలేదు. బాధని చూసి కోరిక అనుకున్నారు. వీధిలో వినపడే తిట్టు శాస్త్రంలో నుంచి వచ్చిందో, శాస్త్రంలోకే తిట్టు వెళ్ళిందో తేల్చడం కష్టం. రెండింటి వెనకా ఉన్న చూపు మాత్రం ఒకటే. ఆ ఒక్క వాక్యంలో రెండు ఆరోపణలు ఉన్నాయి. శుభ్రత లేదు, నిగ్రహం లేదు. నన్ను చూడకుండానే 'శుభ్రంగా ఉండు' అన్న డాక్టరమ్మకి చరకుడు తెలిసి ఉండనక్కర్లేదు.

ఆధునిక వైద్యం వచ్చాక పరిస్థితి మారిందా? 'చూడటం' మొదలైంది నిజమే, కానీ ఎవరు ఎవరిని చూశారన్నది ముఖ్యం. అమెరికాలో అలబామా రాష్ట్రంలో 1845, 1849 మధ్య జె. మారియన్ సిమ్స్ అనే డాక్టరు నల్లజాతి బానిస స్త్రీల మీద శస్త్రచికిత్సా ప్రయోగాలు చేశాడు. వాళ్ళలో అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రమే మనకి మిగిలాయి. మత్తుమందు లేకుండా, వద్దనే హక్కు లేని మనుషుల మీద జరిగిన పని అది. యోని లోపలి భాగాన్ని చూడటానికి ఆయన ఒక చెంచాని వంచి వాడుకున్నాడు. గైనకాలజిస్టులు ఇప్పటికీ వాడే సిమ్స్ స్పెక్యులమ్‌కి మూలం అదే.

అలాంటి పరికరమే కొద్ది కాలానికి మన దేశంలో పోలీసు పనికి వచ్చింది. బ్రిటిషు సైనికులకి సుఖవ్యాధులు రాకుండా కాపాడాలనే పేరుతో 1868లో ఇక్కడ అంటువ్యాధుల చట్టం చేశారు. వేశ్యావృత్తిలో ఉన్నవాళ్ళని, ఉన్నారని అనుమానించినవాళ్ళని పట్టుకెళ్ళి స్పెక్యులమ్‌తో పరీక్ష చేసి, 'లాక్ హాస్పిటల్' అనే ఆసుపత్రుల్లో పెట్టేవాళ్ళు. సైనికులకి అలాంటి నిర్బంధ పరీక్ష లేదు. గనేరియాకి కారణమైన బాక్టీరియాని నైసర్ కనుక్కున్నది 1879లో. అంతకు ముందు ఒక స్త్రీలో కనపడిన స్రావం గనేరియాదా, ఈస్ట్‌దా, మామూలుగా ప్రతి స్త్రీకీ అయ్యేదా అని ఖాయంగా చెప్పగల పరీక్ష ఏ డాక్టరు దగ్గరా లేదు. అయినా ఆ తెల్లటి మరక సాక్ష్యంగా పనికొచ్చింది. అలా పట్టుకెళ్ళిన వాళ్ళలో ఎంతమందికి ఉన్నది ఉత్త ఈస్ట్ ఇన్ఫెక్షనో ఎవరు లెక్కపెట్టారు? జోసెఫిన్ బట్లర్ వంటి స్త్రీల దీర్ఘ పోరాటం తరవాత ఆ చట్టాలు ఇంగ్లండులో 1886లో, ఇక్కడ 1888లో రద్దయ్యాయి. చట్టం పోయింది గానీ తెల్లబట్టకీ సుఖవ్యాధికీ మధ్య అది వేసిన ముడి మాత్రం మిగిలింది.

పరీక్షకి వెళ్ళడమంటే పరువు పోవడమే అయిన కాలంలో ఇంటికే పోస్టులో వచ్చే మందుకి గిరాకీ ఉండటంలో వింత లేదు. మద్రాసు కేసరి కుటీరం వారి 'లోధ్ర' పేరు మన అమ్మమ్మల తరానికి బాగా తెలుసు. లొద్దుగ చెక్క పేరుతో వచ్చిన ఆ మందు స్త్రీల గర్భాశయ వ్యాధులకి ప్రసిద్ధి. దాని అధిపతి డాక్టర్ కె.ఎన్. కేసరే 1928లో 'గృహలక్ష్మి' పత్రికని స్థాపించారు. స్త్రీల రచనలని ప్రచురించి, రచయిత్రులకి స్వర్ణకంకణాలు తొడిగిన పత్రిక అది. మన సాహిత్య చరిత్రలో గృహలక్ష్మి గురించి చెప్పుకునేటప్పుడు కంకణం గురించి చెబుతాం, మందుసీసా గురించి చెప్పం. స్త్రీల రచనకీ స్త్రీల రోగానికీ ఒకే గడపలో చోటు దొరికిందన్న విషయం చిన్నది కాదు. రచనలో ఆమె విద్య గురించి, వితంతు వివాహం గురించి రాయగలిగింది. తన ఒంటి బాధ మాత్రం మందు ప్రకటనకే వదిలేయాల్సి వచ్చింది. అక్కడ మాట్లాడేది ఆమె కాదు, మందు అమ్మేవాడు.

ఇక ఈ జీవి శాస్త్రంలోకి ఎలా వచ్చిందో చూద్దాం. 1839లో జర్మనీలో లాంగెన్‌బెక్ ఒక రోగి గొంతులో ఈ ఫంగస్‌ని చూశాడు. 1849లో ఇంగ్లండులో విల్కిన్సన్ యోనిలో దాన్ని గుర్తించి రాశాడు. 1853లో ఫ్రాన్సులో రోబాన్ దానికి 'ఆల్బికన్స్' అని పేరు పెట్టాడు, తెల్లబడేది అని అర్థం. కానీ అది ఏ జాతికి చెందిందన్న విషయంలో ఎన్నో ఏళ్ళ గందరగోళం. ఒక్కో డాక్టరు ఒక్కో పేరుతో పిలిచేవాడు. ఆ చిక్కుముడి విప్పింది ఒక పిహెచ్‌.డి. విద్యార్థిని. 1923లో హాలెండులోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ బర్క్‌హౌట్ తన సిద్ధాంతగ్రంథంలో 'కాండిడా' అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచింది. ఆమె గైడు యోహన్నా వెస్టర్‌డైక్, 1917లో ఆ దేశంలో ప్రొఫెసరయిన మొట్టమొదటి స్త్రీ. లాటిన్‌లో కాండిడా అంటే మెరిసే తెలుపు. రోములో ఎన్నికలకి నిలబడే పెద్దమనుషులు తొడుక్కునే తెల్లని అంగీకి ఆ పేరు. కాండిడేట్ అనే మాట పుట్టింది కూడా అక్కడే. తెల్లబట్ట అని మనం సిగ్గుపడుతూ చెప్పే మాటకి శాస్త్రంలో దొరికిన పేరు కూడా ఒక తెల్లబట్టదే. కాకపోతే అది మగవాళ్ళ అధికారానికి గుర్తు. ఆ పేరు ఎంచుకున్నది ఒక స్త్రీ.

మందు కనుక్కున్నది కూడా స్త్రీలే. 1940ల్లో పెన్సిలిన్, దాని వెనక వచ్చిన ఇతర యాంటీబయాటిక్స్ కోట్లమంది ప్రాణాలు కాపాడాయి. వాటితోపాటే ఈస్ట్ ఇన్ఫెక్షన్లు పెరిగాయి. మేలు చేసే బాక్టీరియా కూడా చచ్చిపోవడమే కారణం. ఫంగస్‌ని చంపి మనిషికి హాని చేయని మందు అప్పటికి లేదు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో, రేచల్ బ్రౌన్ ఆల్బనీలో పనిచేసేవాళ్ళు. హేజెన్ మట్టి నమూనాలలోని సూక్ష్మజీవుల్ని పెంచి, పనికొచ్చేలా కనపడినవాటిని గాజుసీసాల్లో పెట్టి పోస్టులో పంపేది. బ్రౌన్ వాటిలోంచి రసాయనాన్ని వేరుచేసి తిరిగి పోస్టు చేసేది. వర్జీనియాలో తన స్నేహితుల పొలం నుంచి హేజెన్ తెచ్చిన మట్టిలో దొరికింది వాళ్ళు వెతుకుతున్న పదార్థం. 1950లో దాన్ని ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరుమీద నిస్టాటిన్ అన్నారు. దానిమీద వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లకి పైగా రాయల్టీలో వాళ్ళిద్దరూ తమకంటూ ఒక్క డాలరు తీసుకోలేదు. మొత్తం శాస్త్ర పరిశోధనకి ఇచ్చేశారు. ఇద్దరు స్త్రీలు ఉత్తరాల మీద ఉత్తరాలు నడుపుతూ చేసిన ఈ పనిని చదువుతుంటే, రోగి వ్యక్తిత్వం గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తనవసరం లేకుండానే ఈ జబ్బుకి మందు కనుక్కోవచ్చని అర్థమవుతుంది.

పేరు వచ్చింది, మందు వచ్చింది. అయినా తన శరీరంలో ఏముందో తనే చూసుకునే హక్కు స్త్రీకి రాలేదు. దానికోసం ఒక కేసు నడవాల్సి వచ్చింది. 1971 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్‌లో ఒక స్త్రీల పుస్తకాల దుకాణంలో జరిగిన చిన్న సమావేశంలో కరోల్ డౌనర్ అనే గృహిణి ప్లాస్టిక్ స్పెక్యులమ్‌తో తన గర్భాశయ ముఖద్వారాన్ని అక్కడున్నవాళ్ళకి చూపించింది. అద్దం, టార్చిలైటు ఉంటే ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చని చెప్పింది. సిమ్స్ చేతిలోంచి, కంటోన్మెంట్ డాక్టరు చేతిలోంచి ఆ పరికరం మొదటిసారి ఆడవాళ్ళ చేతిలోకి వచ్చిన సందర్భంగా దాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. వాళ్ళు ఒక స్త్రీల ఆరోగ్య కేంద్రం నడిపారు. 1972 సెప్టెంబరులో పోలీసులు ఆ కేంద్రం మీద దాడిచేసి డౌనర్‌నీ, కొలీన్ విల్సన్‌నీ అరెస్టు చేశారు. డౌనర్ మీద నేరారోపణ ఏమిటంటే, ఈస్ట్ ఇన్ఫెక్షన్‌తో బాధపడుతున్న ఒకామెకి పెరుగు పెట్టడంలో సాయం చేసి లైసెన్సు లేని వైద్యం చేసిందని. ఫ్రిజ్‌లో ఉన్న పెరుగుని సాక్ష్యంగా పట్టుకెళ్ళబోతే, అది నా మధ్యాహ్నం భోజనం అని ఒకామె అడ్డుపడిందని ఆ కేంద్రంవాళ్ళు తరవాత చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. డిసెంబరులో జ్యూరీ డౌనర్‌ని నిర్దోషిగా విడిచిపెట్టింది.

పెరుగు ఆ ఇన్ఫెక్షన్‌ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాలు ఇప్పటికీ లేవు. ఆ కేసులో ముఖ్యమైనది పెరుగు కాదు. ఒక స్త్రీ ఇంకొక స్త్రీకి ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో చూపించడం నేరమా కాదా అన్నది. ఆ రోజు వచ్చిన తీర్పు ఎంత దూరం ప్రయాణించిందో మన దగ్గర కూడా చూడవచ్చు. 1990ల మొదట్లో హైదరాబాదు స్త్రీల బృందం తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం ఆ ఆలోచనకి తెలుగు రూపం. 2004లో వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ దాని ఆధారంగా ఇంగ్లీషులో మరో పుస్తకం తెచ్చారు. తెల్లబట్ట గురించి మందు అమ్మేవాడు కాకుండా ఆడవాళ్ళే ఆడవాళ్ళకి తెలుగులో చెప్పడం అక్కడ జరిగింది.

ప్రాణహిత దాటితే గడ్చిరోలి. మహారాష్ట్రే అయినా సిరొంచ వైపు తెలుగు వినపడే జిల్లా. అక్కడ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలని పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. సగటున ఒక్కొక్కరికి 3.6 వ్యాధులు. అంతకు ముందు పరీక్ష, చికిత్స పొందినవాళ్ళు నూటికి 8 మంది. కుటుంబనియంత్రణ ఆపరేషన్లకి ఆడవాళ్ళని బండ్లలో ఎక్కించుకుపోయిన ప్రభుత్వాలకి, ఆ గర్భాశయం ఎలా ఉందో చూడాలనే ఆలోచన రాలేదని ఆ అంకెలు చెప్పాయి.

ఆ తరవాత వచ్చిన మార్పుల్లో మంచీ ఉంది, పాత వాసనా ఉంది. లాబ్ పరీక్ష లేని చోట లక్షణాన్ని బట్టే మందు ఇచ్చే పద్ధతి వచ్చింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రంగురంగుల మందుల కిట్లు తయారుచేసింది. తెల్లబట్టకి ఆకుపచ్చ కిట్. అందులో సెక్నిడజోల్, ఈస్ట్‌కి ఫ్లూకోనజోల్. పేదరాలికి మందు అందింది, అది మంచిదే. కానీ ఆ మందు అందిన కార్యక్రమం పేరు సుఖవ్యాధులది. నా స్నేహితురాలు ఒకామెకి ఒక ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ మీద ఆ విభాగం పేరు ముద్ర ఉంది. ఆ చీటీ అత్తగారి చేతికి చిక్కింది. ఆమెకి ఉన్నది చక్కెర వ్యాధి. దానివల్ల తిరగబెడుతున్న ఈస్ట్ అది. ఆ సంగతి తేలేలోపు ఆమె ఆరునెలలు పుట్టింట్లో ఉంది. 1888లో రద్దయిన చట్టం ఒక రబ్బరుముద్రలో బతికే ఉంది.

సరే, అసలు ప్రశ్నకి జవాబేమిటి? ఆరోపణలన్నీ పక్కనపెట్టి చూస్తే జవాబు రెండు వైపులవాళ్ళకీ నచ్చేలా ఉండదు. ఈస్ట్ ఇన్ఫెక్షన్ సుఖవ్యాధి కాదు. లైంగిక సంబంధం ఎన్నడూ లేనివాళ్ళకీ వస్తుంది. అది వచ్చిందంటే ఆమె తప్పు చేసిందనీ కాదు, ఆయన ఎక్కడో తిరిగొచ్చాడనీ కాదు. రెండో మాట కూడా గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే తిరగబెట్టిన ప్రతిసారీ భర్తని అనుమానిస్తూ లోలోపల కుమిలిపోయే స్త్రీలు ఉన్నారు. 1980, 90లలో భర్తలకి కూడా మందులిచ్చి చేసిన పరిశోధనల్లో భార్యలకి తిరగబెట్టడం తగ్గలేదు. అలాగని లైంగిక జీవితానికి దీనితో ఏ సంబంధమూ లేదనడం కూడా నిజం కాదు. లైంగిక జీవితం మొదలయ్యే వయసులో ఈ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. 2003లో మిచిగన్ విశ్వవిద్యాలయపు బార్బరా రీడ్ బృందం ప్రకటించిన పరిశోధనలో, మగవాడి ఒంటి మీద ఈస్ట్ ఉండటానికీ ఆమెకి తిరగబెట్టడానికీ సంబంధం కనపడలేదు. కొన్ని లైంగిక చర్యలకి, ముఖ్యంగా లాలాజలం తగిలే వాటికి, సంబంధం కనపడింది. అంటే ఎవరితో అన్నది కాదు, ఎలా అన్నది కొంత ముఖ్యం కావచ్చు. ఈ తేడా చాలా చిన్నదిగా కనపడుతుంది. కానీ మొదటిది శీలానికి సంబంధించిన ప్రశ్న, రెండోది చర్మానికి సంబంధించిన ప్రశ్న.

దీని పక్కనే మరో ఉదాహరణ చూడాలి. తెల్లబట్టకి ఇంకో ముఖ్య కారణం బాక్టీరియల్ వెజినోసిస్. అది ఈస్ట్ కాదు. దాని విషయంలో కూడా మగవాడికి మందు అవసరం లేదని దశాబ్దాలపాటు చెప్పారు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన ఫలితాల్లో, మగవాళ్ళకి మాత్రలూ, పైపూత మందూ కలిపి ఇచ్చినప్పుడు ఆడవాళ్ళకి 12 వారాల్లో తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. చాలాకాలం ఆడవాళ్ళ శరీరంలోనే ఉందనుకున్న సమస్యలో సగం ఎదుటి మనిషి దగ్గర ఉంది. అందుకే 'ఏ జబ్బో పరీక్ష చేయండి, ఆయనకి సంబంధం ఉందా?' అని డాక్టరుని అడగడం అనుమానపు ప్రశ్న కాదు, తెలివైన ప్రశ్న. ఒక జబ్బులో జవాబు లేదు అని వస్తుంది, ఇంకో దాంట్లో ఉంది అని వస్తుంది.

మళ్ళీ మళ్ళీ వచ్చే ఈస్ట్‌కి నిజంగా పనికొచ్చినది ఓపికగా చేసే వైద్యం. 2004లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో వారానికి ఒక ఫ్లూకోనజోల్ మాత్ర చొప్పున ఆరు నెలలు వాడినవాళ్ళలో నూటికి 90 మంది ఆ ఆరు నెలలూ బాధ లేకుండా ఉన్నారు. మందు ఆపేశాక మరో ఆరు నెలలకి ఆ సంఖ్య 43కి పడిపోయింది. అంటే ఇది ఒక్క మాత్రతో తేలే విషయం కాదు, పూర్తిగా పోయే హామీ కూడా లేదు. చక్కెర చూపించుకోవాలి. ఏ రకం ఈస్టో పరీక్షలో తేల్చుకోవాలి, కొన్ని రకాలు ఈ మందుకి లొంగవు. గర్భం ఉంటే ఈ మాత్ర డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు. మందుల షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదని రెండు రోజులు దాచిపెట్టి తరవాత పెంచుతాయి. లోపల సబ్బుతో, సువాసన ద్రవాలతో కడగడం మేలుకన్నా కీడే చేస్తుంది. కడుక్కోలేదన్న పాత నింద ఇప్పుడు టీవీ ప్రకటనలో సువాసనగా మారి మన డబ్బుకే అమ్ముడుపోతోంది.

ఇవన్నీ చెప్పాక డాక్టర్లు ఒక సలహా ఇస్తారు. పుండుగా ఉన్నన్నాళ్ళూ కలవకండి అని. ఈ సలహా ఎవరికి ఇస్తున్నారు? సాధారణంగా ఎదురుగా కూర్చున్న ఆమెకి. దాన్ని అమలు చేసే అధికారం ఆమెకి ఉందా అని అడగరు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా 18 ఏళ్ళు నిండిన భార్య మీద భర్త చేసే బలవంతం అత్యాచారం కిందికి రాదు, పాత చట్టంలోని మినహాయింపు అలాగే ఉంది. మంట పుడుతున్న శరీరంతో 'ఈ వారం వద్దు' అనగలగడం చాలా ఇళ్ళలో మందుకన్నా అరుదైన వస్తువు. ఈ ఇన్ఫెక్షన్‌కీ లైంగిక సంబంధానికీ ఉన్న ముడి గురించి ఇంతకాలం అందరూ వెతికింది అది ఎక్కడినుంచి వచ్చిందనే వైపు. నాకు కనపడినంతలో అంతకన్నా గట్టి ముడి ఈ వైపు ఉంది. అది వచ్చాక ఆమె మాట చెల్లుతుందా లేదా అన్న చోట.

మనం రచయిత్రులం, పాఠాలు చెప్పేవాళ్ళం. ప్రసవం గురించి రాశాం, ముట్టు గురించి రాశాం, గర్భస్రావం గురించి రాశాం. కడుపుకోత గురించి రాసిన కలాలు దురద దగ్గర ఆగిపోయాయి. అందులో విషాదపు గౌరవం లేదు, నవ్వుకునే ప్రమాదం ఉంది. కానీ భాషలో ఒక బాధకి చోటు లేకపోతే దానికి ఆసుపత్రిలో కూడా చోటు దొరకదు. దురద అన్న మాటని తిట్టుకి వదిలేయకుండా, ఏ కోరికకీ, ఏ తప్పుకీ సంబంధం లేని ఉత్త దురదగా ఒక కథలో, ఒక కవితలో, ఒక తరగతి గదిలో ఎవరో ఒకరు ముందు పలకాలి. డాక్టరు ముందు కూర్చున్న అమ్మాయికి ఆ మాట అప్పుడు కాస్త తేలికగా నోట్లోంచి వస్తుంది.